నల్ల భాస్వరం ఒక్క పొర: స్టాకు నంబరు 7406

ఆ విశ్వవిద్యాలయంలో ఒక డీజిల్ జనరేటరు తొమ్మిదేళ్ళు పనిచేసింది. దానికి ఏటేటా నూనె పోశారు, బెల్టులు మార్చారు, రెండుసార్లు రంగు కూడా వేయించారు. పదో ఏట తనిఖీవాళ్ళు వచ్చి, ఏదీ ఒకసారి చూపించండి అన్నారు. అప్పుడు బయటపడింది, అలాంటి జనరేటరు అక్కడ ఎన్నడూ లేదని.

దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయన్నట్టు, రిజిస్ట్రారు పరాంకుశం గారు వెంటనే ఒక సర్క్యులరు జారీ చేశాడు. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, విశ్వవిద్యాలయమునకు చెందిన ప్రతి శాశ్వత వస్తువును స్టోర్సు సూపరింటెండెంటు స్వయముగా, స్వనేత్రములతో చూచి, చేత తాకి, పొడవు వెడల్పు మందములు కొలిచి, వస్తువుపై తెల్లరంగుతో స్టాకు నంబరు వ్రాయించవలెను. కంటికి కనబడని వస్తువు లేనట్లుగానే పరిగణింపబడును."

ఇందులో నవ్వడానికేముంది? మంచి ఉత్తర్వే. దొంగ జనరేటర్లను పట్టుకోవడానికి ఇంతకంటే మంచి వల ఇంకోటి ఉండదు. కాకపోతే వల వేశాక అందులో ఏ చేప పడుతుందో చెప్పలేం గదా. ఈ వలలో పడింది పైడి సుభాషిణి.

సుభాషిణి నెల్లిమర్ల పిల్ల. రసాయనశాస్త్ర విభాగంలో ఏడేళ్ళుగా పరిశోధన చేస్తోంది. ఆమె పని ఒక్క ముక్కలో చెప్పాలంటే చీల్చడం. నల్ల భాస్వరం అని బొగ్గుపెళ్ళలా ఉండే పదార్థం ఒకటుంది. దానికి సెల్లోటేపు అంటించి లాగితే ఒక పొర ఊడొస్తుంది. ఆ పొరకి మళ్ళీ టేపు, మళ్ళీ లాగడం. అలా చీల్చగా చీల్చగా, అదృష్టం బాగుంటే, ఇక చీల్చడానికి వీల్లేని పొర ఒకటి మిగులుతుంది. ఒకే ఒక్క అణువుల వరస మందం. పూతరేకును లక్ష పొరలుగా చీలిస్తే అందులో ఒక పొరంత. పెళ్ళ చెయ్యలేని పని ఆ ఒక్క పొర చేస్తుంది. పెళ్ళలో అణువులన్నీ లోపల దాక్కుని ఉంటాయి, పొరలో దాక్కోడానికి లోపలంటూ లేదు, ప్రతి అణువూ పన్లోకి దిగాల్సిందే.

ఏడేళ్ళ పనీ రెండువందల పద్నాలుగు పేజీల సిద్ధాంత వ్యాసంగా తయారైంది. మార్చి ముప్పై ఒకటి సాయంత్రం అయిదింటిలోగా దాన్ని పరిశోధనా విభాగం కౌంటరులో ఇవ్వాలి. గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించారు, మూడోసారి లేదు. ఆ రోజు దాటితే ఏడేళ్ళూ గంగపాలే. వ్యాసంతో పాటు స్టోర్సు నుంచి ‘నో డ్యూస్’ కాయితం జతచెయ్యాలి, ఈవిడ దగ్గర మా వస్తువుల లెక్క సరిగానే ఉంది అని. ఆ కాయితం కోసం జనవరిలోనే ఆమె స్టోర్సుకి వెళ్ళింది.

స్టోర్సు సూపరింటెండెంటు నరసింగరావు ముప్పై ఒక్కేళ్ళ సర్వీసులో గుండుసూది కూడా పోనివ్వని మనిషి. చెడ్డవాడు కాదు. అసలు చిక్కంతా అదే. చెడ్డవాడైతే ఏదో ఒక దారి ఉండేది.

"ఏటమ్మా వస్తువు?" అన్నాడు.

"నల్ల భాస్వరం సార్. ఒక్క పొర."

"వాడితే అయిపోయే రకమా, మిగిలే రకమా?"

ఆయన ముందు రెండు రిజిస్టర్లున్నాయి. ఎర్ర అట్టది అయిపోయే వస్తువులకు, నీలం అట్టది శాశ్వత వస్తువులకు. ఆ క్షణంలో ‘అయిపోయే రకం సార్, చిటికెడు ఉప్పులాంటిది’ అని ఉంటే ఈ కథే లేదు. కానీ ఏడేళ్ళలో తన పని గురించి ఎవరైనా అడగడం సుభాషిణికి అదే మొదటిసారి. పాపం, ఉత్సాహం ఆగలేదు.

"ఉత్ప్రేరకం సార్ అది. నీళ్ళలో ఉంచి ఎండ తగిలిస్తే నీటి నుంచి హైడ్రోజన్ వస్తుంది. రేపు బళ్ళు నడిపేది ఆ గ్యాసే. పని జరిపిస్తుందిగానీ తను మాత్రం ఖర్చవదు."

"ఖర్చవదూ?"

"గాలి తగలకుండా చూసుకుంటే అస్సలు తరగదు సార్."

నరసింగరావు నీలం రిజిస్టరు తెరిచి 7406 అని నంబరు వేశాడు. తరవాత కొలతలడిగాడు. మందం దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది.

"చుక్క తరవాత ఆరు సున్నాలు, ఆ పైన అయిదు సార్. మిల్లీమీటర్లలో."

"గడిలో చుక్క తరవాత రెండే పడతాయమ్మా." రెండు సున్నాలు రాసి ఆయన కాసేపు దానివంక చూశాడు. "మందం సున్నా అయితే వస్తువెలాగవుద్ది?"

"సున్నా కాదు సార్."

"నువ్వు కాదంటన్నావు. గడి అవునంటోంది. వచ్చి చూస్తాన్లే, కనబడితే సంతకం పెట్టేస్తాను. నాకేటి?"

చూడ్డానికి ఆయనకు మార్చి ఎనిమిదిన తీరింది. వెంట అటెండరు అప్పలకొండ తెల్లరంగు డబ్బా, కుంచె పట్టుకుని వచ్చాడు. పొర ఉన్నది వేలిగోరంత సిలికాన్ పలక మీద. ఆ పలక ఉన్నది నత్రజని నింపిన గాజు పెట్టెలో. సుభాషిణి పెట్టె బయటి నుంచే చూపించింది.

"బయటికి తియ్యమ్మా."

"గాలి తగిలితే పాడైపోతుంది సార్."

"సర్క్యులర్లో చేత తాకి అనుంది. పెట్టెలో ఉన్నదాన్ని నేనెలాగ తాకుతాను?"

"పోనీ నంబరు పెట్టె మీద వేయించండి."

"పళ్ళెం మీద నంబరేస్తే ఇడ్లీ మీద ఏసినట్టవుద్దేటి?"

సుభాషిణి కిటికీ దగ్గర నిలబడ్డ తన గైడు వంక చూసింది. ఆచార్య మండలీకం గారి ప్రమోషను ఫైలు అప్పటికి రిజిస్ట్రారు బల్ల మీద ఉంది. ఆయన కిటికీలోంచి ఆకాశం వంక చూస్తూ, తియ్యమన్నట్టు చెయ్యి ఊపాడు. ఇక చేసేదేముంది, తీసింది.

నరసింగరావు పలకను అరచేతిలో పెట్టుకుని కళ్ళజోడు పైకి తోసి చూశాడు, కిందికి లాగి చూశాడు. "ఏటీ కనబడ్డం లేదమ్మా. మసగ్గా ఉంది. దుమ్ము పట్టినట్టుంది" అన్నాడు. సుభాషిణి నోరు తెరిచేలోపు జేబులోంచి రుమాలు తీసి, పలక మీద హాఁ అని ఊది, శుభ్రంగా తుడిచి వెలుతురుకి పెట్టాడు.

"ఇప్పుడు కాస్త నయం."

నాలుగు నెలల పని అది. నూటముప్పై టేపు చుట్టలు. సుభాషిణి నోట ఒక్క మాట మాత్రం వచ్చింది.

"సార్, అది మీ రుమాల్లోకి వెళ్ళిపోయింది."

ఇంకొకడైతే ఆ మాట విననట్టు ఊరుకునేవాడు. నరసింగరావు నిజాయితీపరుడని చెప్పాను గదా. నివేదికలో రాసేశాడు. "7406వ వస్తువు ప్రస్తుతము పరిశీలకుని రుమాలులో ఉన్నట్లు పరిశోధకురాలు తెలిపినది."

రెండోరోజు ఇద్దరికీ రిజిస్ట్రారు గదిలో హాజరు. బల్ల మీద లక్కముద్ర వేసిన కవరులో రుమాలు. పరాంకుశం గారు కళ్ళు మూసుకుని వేళ్ళు అల్లుకున్నాడు. ఆయన అలా చేశాడంటే ఎవరో ఒకరి కొంప మునిగిందన్నమాటే.

"ఇందులో రెండు సూత్రములు ఇమిడి ఉన్నవి" అన్నాడు. "వస్తువు ఎవరి స్వాధీనమున ఉన్నదో బాధ్యత వారిది. ఇది మొదటిది. వస్తువుపై జరిగిన పరిశోధన సదరు వస్తువును వీడి వేరుగా ఉండజాలదు. ఇది రెండవది. కావున వస్తువుతో పాటు దానికి సంబంధించిన సిద్ధాంత వ్యాసము కూడా శ్రీ నరసింగరావు గారికి సంక్రమించినది. మార్చి ముప్పై ఒకటిలోగా వారే సమర్పింపవలెను."

"సార్, నేను బీకామండి" అన్నాడు నరసింగరావు.

"విద్యార్హతలు వేరొక విభాగమునకు చెందిన అంశము."

"మరి నేను సార్?" అంది సుభాషిణి.

పరాంకుశం గారు కళ్ళు తెరిచి ఆమె వంక జాలిగా చూశాడు. "మీ వద్ద వస్తువు లేదు. వస్తువు లేనివారికి వ్యాసమెందులకమ్మా?"

సుభాషిణి మెట్ల మీద కూలబడి ఏడ్చింది. ఆ తుడిచిన మనిషి మీద, ఆ కళ్ళు మూసుకునే మనిషి మీద, ఆకాశం చూసిన గైడు మీద ఒళ్ళు మండిపోయింది. అందరికంటే ఎక్కువగా ‘తరగదు సార్’ అన్న తన నోటి మీద మండింది. ఏడ్చి ఏడ్చి, కాసేపటికి లేచి ప్రయోగశాలలోకి పోయి, ఇంకో పెళ్ళ తీసి దానికి టేపు అంటించింది. చేతులకి వేరే పని రాదు మరి.

నాలుగోరోజు మధ్యాహ్నం నరసింగరావు వచ్చాడు. చంకలో రెండువందల పద్నాలుగు పేజీల వ్యాసం, చేతిలో టిఫిను క్యారియరు. మనిషి సగమయ్యాడు. సుభాషిణి తలెత్తలేదు.

"రిజెక్టు చేశానమ్మా" అన్నాడు స్టూలు మీద కూర్చుంటూ.

"ఏం రిజెక్టు చేశారు?"

"నో డ్యూస్."

"ఎవరిది?"

"నాదే."

అప్పుడు తలెత్తింది. సంగతేమిటంటే, వ్యాసం ఇవ్వాలంటే ఆయనకైనా స్టోర్సు కాయితం కావాలి. స్టోర్సు సూపరింటెండెంటు గారికి ఆయన దరఖాస్తు పెట్టుకున్నాడు. వస్తువు కనబడనందున సూపరింటెండెంటు గారు నిరాకరించాడు. ఆయన విన్నవించుకున్నాడు. సంజాయిషీ కోరుతూ ఆయనకి మెమో వచ్చింది. బల్లకి ఇటువైపు రాసిన జవాబుని అప్పలకొండ డిస్పాచి నంబరు వేయించుకుని, వరండా అంతా తిరిగి, బల్లకి అటువైపు అందజేశాడు.

"జవాబేమిచ్చారు?"

"రెండు పేజీలిచ్చాను. సంతృప్తికరంగా లేదు." నరసింగరావు నిట్టూర్చాడు. "నేను చూడని వస్తువుకి నేనెలా సంతకం పెడతానమ్మా? నాకోసమైతే మాత్రం?"

సుభాషిణికి కోపంలోనే నవ్వొచ్చింది. ఆయనా నవ్వబోయి మానేశాడు.

"తుడవకుండా ఉండాల్సింది. ఏ వస్తువు ముందుకొచ్చినా ముందు దుమ్ము తుడవడం నాకలవాటు. తప్పయిపోయింది. నీ ఏడేళ్ళని జేబులో పెట్టుకుని తిరగడం నావల్ల కాదమ్మా. నిద్ర పట్టడం లేదు."

ఆ తరవాత ఆయన రోజూ వచ్చాడు. మధ్యాహ్నం అన్నం వేళ ప్రయోగశాల తలుపు బయట కూర్చుని, క్యారియరు విప్పకముందే టేపు ముక్కలు కొలిచి కత్తిరించి ఇచ్చేవాడు. కిందటేడు ఈ పిల్ల నాలుగువందల చుట్టల టేపు అడిగితే, ఎన్ని పార్సిళ్ళు పంపారని ఎదురు ప్రశ్న వేసి కాయితం వెనక్కి కొట్టింది ఆయనే. ఆ ఊసు ఇద్దరూ ఎత్తలేదు. ఇరవై తొమ్మిదిన, ఎన్ని పెళ్ళలు పాడయ్యాకో, ఒక పొర దొరికింది. దీన్ని సుభాషిణి నత్రజనితో సహా ఒక చిన్న గాజు డబ్బీలో బిగించి మూసి, మైక్రోస్కోపు కింద పెట్టింది.

"చూడండి సార్. ఊదకండి."

నరసింగరావు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని వంగాడు. వంగపండు రంగు పలక. దాని మీద ఒక మూల, అదే రంగులో కాస్త పలచగా, అంచులు తేరిన చిన్న మరక.

"ఒకటే పొరా?"

"ఒకటే. దీనికింద ఇంకోటి లేదు."

"దీనికంటే పలచన చెయ్యలేరా?"

"దేవుడు కూడా చెయ్యలేడు సార్."

"ఉందమ్మా" అన్నాడు ఆయన, కళ్ళు తియ్యకుండానే. "ఉంది. కనబడతన్నాది." ముప్పై ఒక్కేళ్ళలో ఆయన లక్ష వస్తువులకు ఉన్నది అని రాసి ఉంటాడు. ఒక వస్తువు ఉన్నందుకు సంతోషపడటం మాత్రం అదే మొదలు.

అక్కణ్ణుంచి తిన్నగా రిజిస్ట్రారు గదికి పోయాడు. స్వనేత్రములతో అన్నచోట మైక్రోస్కోపు ద్వారా చూసినా చెల్లుతుందని ఒక్క ముక్క చేర్చమన్నాడు, ఈ ఒక్క వస్తువుకే. జనవరి నుంచి సుభాషిణి పెట్టుకున్న అర్జీలు మూడున్నాయి ఇదే సంగతి మీద, మూడూ పరిశీలనలో ఉన్నాయి. ఉద్యోగి అడిగేసరికి గంటలో తేలిపోయింది. అయితే పరాంకుశం గారు కళ్ళు మూసుకున్నాడు.

"ఒక వస్తువునకు ఒక నీతి, వేరొక వస్తువునకు వేరొక నీతి ఉండరాదు. వస్తువులన్నియు విశ్వవిద్యాలయమునకు సమానమే. మైక్రోస్కోపు అంత నిశితమైనదే అయినచో, అందరూ దాని లబ్ధి పొందవలెను."

ముప్పయ్యో తారీకున రెండో సర్క్యులరు వచ్చింది. ఇక మీదట విశ్వవిద్యాలయంలోని సమస్త శాశ్వత వస్తువులనూ, రిజిస్టరు వరస క్రమం తప్పకుండా, మైక్రోస్కోపు ద్వారా మాత్రమే చూసి ధ్రువీకరించాలి.

ముప్పై ఒకటి పొద్దున్న సుభాషిణి వచ్చేసరికి రసాయనశాస్త్ర విభాగం ముందు తిరణాల. బీరువాలు, బల్లలు, నల్లబల్లలు, సీలింగు ఫ్యాన్లు, హాస్టలు గ్రైండరు, అన్నీ మనుషుల నెత్తిన ఎక్కి, మెట్ల మీదుగా తోట దాకా వరసలో నిలబడి ఉన్నాయి. విశ్వవిద్యాలయం బస్సు మెట్లెక్కదు కాబట్టి దాని తరఫున హారను ఊడదీసి పంపించారు. అందరికంటే ముందు, నలుగురు మోస్తూ, ఒకటో నంబరు: రిజిస్ట్రారు గారి టేకు కుర్చీ.

నరసింగరావు కుర్చీ కోడుని మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. అరగంట చూశాడు. కుర్చీ చేతిని చూశాడు, వీపుని చూశాడు. గోధుమ రంగు చారలు, మధ్యమధ్య గుంటలు. ఎక్కడా కుర్చీ లేదు. ఆ మనిషి కనబడనిదాన్ని కనబడిందని రాయడు. "1. కుర్చీ. కనబడలేదు" అని రాశాడు. రెండోది బల్ల. అదీ కనబడలేదు. మూడోది బీరువా. పచ్చరంగు గుట్టలు కనబడ్డాయి గానీ బీరువా జాడ లేదు. మధ్యాహ్నానికి ముప్పై అయిదు వస్తువులు, నాలుగింటికి అరవై ఒక్క వస్తువులు విశ్వవిద్యాలయంలో లేకుండా పోయాయి. మోసుకొచ్చినవాళ్ళు లేని వస్తువుల్ని మళ్ళీ నెత్తికెత్తుకుని చెమటలు కక్కుతూ వెనక్కి పోయారు.

సుభాషిణి గోడకి ఆనుకుని నిలబడింది. వేళ్ళ మీద లెక్క వేసుకుంది. ఈ లెక్కన 7406 రావడానికి నాలుగు నెలలు. కౌంటరు మూయడానికి గంట లేదు. నరసింగరావుని అడగాలని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. అడగలేదు. సొంత కూతురి పెళ్ళిలో వియ్యంకుణ్ణి కూడా బంతిలో ముందుకి రానివ్వని మనిషి. తను అడిగితే ఆయన కాదంటాడు, ఆ కాదన్నందుకు జన్మంతా కుమిలిపోతాడు. అదంతా ఎందుకు?

నాలుగూ ఇరవైకి అరవై రెండో నంబరు ఫ్యానుని పైకెత్తబోతుంటే నరసింగరావు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగండర్రా. సుభాషిణమ్మా, 7406 తీసుకురా."

"బాబూ, మనం అరవై రెండులో ఉన్నాం" అన్నాడు అప్పలకొండ.

"తెలుసు."

"వరస తప్పుతాది బాబూ."

"తప్పుతాది. నానే తప్పిస్తన్నాను. నువ్వా ఫ్యాను దించు."

సుభాషిణి గాజు డబ్బీని తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టింది. ఆయన వంగి చూశాడు. బయట రెండువందలమంది నెత్తిన బరువుతో ఎదురుచూస్తుండగా, తొందరేమీ లేనట్టు చూశాడు. తరవాత నీలం రిజిస్టరులో ఒక్కో అక్షరం పలుకుతూ రాశాడు. "7406. నల్ల భాస్వరం, ఒక్క పొర. కనబడినది. పరిశోధకురాలి స్వాధీనమున ఉన్నది." నో డ్యూస్ కాయితం మీద సంతకం పెట్టి, సొరుగులోంచి వ్యాసం తీసి, పైన దుమ్ము లేకపోయినా ఒకసారి తుడిచి, రెండూ ఆమె చేతిలో పెట్టాడు.

"వస్తువు నీ దగ్గరుంది. వ్యాసమూ నీదే. పరిగెత్తమ్మా, అయిదు కావస్తోంది."

సుభాషిణి దండం పెట్టబోయింది, చేతులు ఖాళీ లేవు. బీరువాల మధ్య నుంచి, గ్రైండరు పక్క నుంచి పరిగెత్తింది. నాలుగూ యాభై రెండుకి కౌంటరులో వ్యాసం పడింది. రసీదు తీసుకుని అక్కడే బల్ల మీద కూర్చుని, ఆ ఏడేళ్ళలో మొదటిసారి సుఖంగా ఏడ్చింది.

వారం తిరక్కుండా నరసింగరావుకి రిజిస్ట్రారు గారి నుంచి మెమో వచ్చింది. "నిర్ణీత వరస క్రమమును ఉల్లంఘించి 7406వ వస్తువును ముందుగా ధ్రువీకరించుటకు గల కారణమును మూడు దినములలో తెలుపవలెను."

సంజాయిషీ అంటే రెండు పేజీలకి తగ్గించి ఎన్నడూ రాయని నరసింగరావు ఈసారి సగం పేజీ కూడా నింపలేదు. 

"అయ్యా, 7406వ వస్తువు కనబడినది. ఒకటవ నంబరు వస్తువైన తమరి కుర్చీ ఇంతవరకు కనబడలేదు. అయినను తమరు ప్రతిదినము అందులోనే ఆసీనులగుచున్నట్లు నా దృష్టికి వచ్చినది. లేని కుర్చీలో ఎట్లు కూర్చుండగలుగుచున్నారో మూడు దినములలో తెలుపగోరుచున్నాను."